ఎంత పల్చనిదైనా ఏడు మడతలేనా? మా వాడికి ఒక మార్కు పోయింది

కూకట్‌పల్లి_నాన్న
మా వాడు ఏడో తరగతి. మొన్న స్కూల్లో పెట్టిన పరీక్షలో తప్పా ఒప్పా ప్రశ్న ఒకటి వచ్చింది: "ఏ కాగితాన్నైనా సగానికి సగంగా 7 సార్లకు మించి మడవలేం." వీడు తప్పు అని రాశాడు. కాదు ఒప్పే అని మార్కు కోసేశారు.

మార్కు పోయిందని కాదు నా బాధ. ఎందుకలా రాశావురా అంటే, "కాగితం ఇంకా పల్చగా ఉంటే ఇంకోసారి మడవొచ్చు కదా నాన్నా" అన్నాడు. నాకు సబబుగానే అనిపించింది. తీరా ఇద్దరం ఎ4 కాగితం పట్టుకుని కూర్చుంటే ఆరు దాటలేదు. న్యూస్‌పేపర్ మొత్తం పరిచి మొదలెడితే ఏడోది మోకాలు పెట్టి నొక్కితే గానీ పడలేదు. వాడి మొహం చిన్నబోయింది. వాడికి ఏం చెప్పాలి? వాడిది తప్పేనా?

బెజవాడ_బుల్లెట్
ఏడే. మేం చదువుకునేటప్పుడు కూడా ఇదే చెప్పారు. మీరు స్వయంగా చేసి చూశారు కదా, ఇంకేం కావాలి?

సుజాత_నెల్లూరు
మాకు ఎనిమిది అని చెప్పారు. ఏడా ఎనిమిదా అన్న దగ్గరే తేడా ఉందంటే అది సూత్రం కాదన్నమాటే కదా.

లెక్కల_మాస్టారు
అబ్బాయిదే ఒప్పు. వాడిచ్చిన కారణం కూడా ఒప్పే. అయితే ఎ4 ఎందుకు ఆరు దగ్గర ఆగిందో ముందు చూడండి, అసలు విషయం అక్కడుంది.

ఎ4 కాగితం 297 మి.మీ. పొడవు, 210 వెడల్పు, మందం సుమారు 0.1. ఒకసారి అటు, ఒకసారి ఇటు మడుస్తూ ఆరుసార్లు పూర్తి చేస్తే చేతిలో మిగిలేది 37 మి.మీ. పొడవు, 26 మి.మీ. వెడల్పు ఉన్న ముక్క. పొరలు 64, మందం 6.4 మి.మీ. ఏడో మడత పెట్టాలంటే బయటి పొర ఈ 6.4 మి.మీ. మందం చుట్టూ అర్ధవలయంలా తిరిగి రావాలి. ఆ ఒంపుకే 20 మి.మీ. ఖర్చు. ఉన్నదే 37, అందులో సగానికి పైగా మూలమలుపులోనే పోతే ఇక మడవడానికి మిగిలిందేమిటి?

కాగితానికి బలం ఎక్కువై కాదు, పొడవు చాలక ఆగిపోతుంది.

కూకట్‌పల్లి_నాన్న
మాస్టారూ, ఇది చదివాక పారేసిన ముక్క చెత్తబుట్టలోంచి తీసి స్కేలు పెట్టి కొలిచాం. మీరన్నట్టే 37, 26. మందం మాత్రం ఏడు దాటింది.

లెక్కల_మాస్టారు
మధ్యలో గాలి ఉంటుంది, మడతల దగ్గర ఉబ్బు ఉంటుంది. అందుకే ఏడు దాటింది. లెక్క కంటే అసలు ముక్క ఎప్పుడూ కాస్త దళసరిగానే వస్తుంది.

ఫ్రీమాంట్_పద్మ
ఈ కథంతా తేల్చింది మా కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్ పిల్ల. బ్రిట్నీ గాలివన్, ఊరు పొమోనా. లెక్కల క్లాసులో అదనపు మార్కుల కోసం ఇచ్చిన సవాలు అది: ఏదైనా ఒకదాన్ని 12 సార్లు సగానికి మడవమన్నారు. ముందు బంగారు రేకుతో చేసింది. చదరం నాలుగు అంగుళాలు, మందం మిల్లీమీటరులో మూడు వేల అయిదు వందల వంతు లాంటిది. మెత్తటి కుంచెలు, పట్టకారు పెట్టుకుని ఓపిగ్గా 12 మడతలు పూర్తి చేసింది. ఇది కాగితం కాదుగా అన్నారట. సరేనని 2002 జనవరిలో దాదాపు 4,000 అడుగుల టాయిలెట్ పేపర్ పరిచి, అమ్మానాన్నల సాయంతో దాన్నీ 12 సార్లు మడిచింది. ఎన్ని మడతలకు ఎంత పొడవు కావాలో చెప్పే సూత్రం కూడా తనే కట్టింది.

మీ వాడికి ఈ అమ్మాయి గురించి చెప్పండి. పరీక్ష రాసిన వయసుకి వీడు సరైన దారిలోనే ఆలోచించాడు.

బెజవాడ_బుల్లెట్
టాయిలెట్ పేపర్‌ని ఒకే వైపు మడుస్తూ పోవడం మడవడమా? మనం అనేది ఇటొకటి అటొకటి. అలా చేస్తే ఏడే.

లెక్కల_మాస్టారు
ఇటూ అటూ మడిచినా ఏడు దాటింది బుల్లెట్ గారూ. 2007లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం వాళ్లు విమానాల షెడ్డులో ఫుట్‌బాల్ మైదానమంత కాగితం అతికించి 11 మడతలు వేశారు. చివర్లో రోడ్ రోలర్, ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చారు.

బెజవాడ_బుల్లెట్
రోడ్ రోలర్ తెచ్చుకుంటే నేనూ వేస్తా అండీ.

సుజాత_నెల్లూరు
ప్రశ్నలో "చేత్తో" అని లేదు, "ఏ కాగితాన్నైనా" అని ఉంది. రోలర్‌తో మడిచినా మడిచినట్టే.

మెకానికల్_మధు
రోడ్ రోలర్ ఉన్నా అన్నిసార్లూ పని జరగదు. ఫిన్లాండ్ వాళ్ల యూట్యూబ్ ఛానెల్‌లో మామూలు కాగితాన్ని హైడ్రాలిక్ ప్రెస్సులో పెట్టి ఏడో మడత వేయబోతే ఠప్పున పేలిపోయింది. మిగిలిన ముక్కలు సుద్దలా పెళుసుగా అయిపోయాయి. మంచి తెల్ల కాగితంలో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, అంటే సుద్దలో ఉండేదే. అంత ఒత్తిడికి పీచు చితికిపోయి అలా కనబడి ఉండొచ్చు.

ఇంకో సంగతి. పొరలు ఒకదాని మీద ఒకటి జారగలిగితే 64 పొరల గట్టితనం ఒక్క పొరకి 64 రెట్లే. జారకుండా బిగుసుకుపోయి ఒకే దిమ్మలా పనిచేస్తే 64 ఘనం, అంటే రెండున్నర లక్షల రెట్లు పైమాటే. మోకాలు పెట్టాల్సి వచ్చింది అందుకే. చివరి మడతల్లో మీరు కాగితాన్ని కాదు, చెక్కముక్కను వంచుతున్నారు.

కూకట్‌పల్లి_నాన్న
చెక్కముక్క అన్న మాట మా వాడికి బాగా నచ్చింది. ఇప్పుడు వాడి ప్రశ్న: కాగితం పల్చన చేసుకుంటూ పోతే ఎన్ని మడతలైనా వస్తాయా? ఎక్కడా ఆగదా?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న వేశాడు. వస్తాయి, కానీ ప్రకృతి ఇక్కడ చాలా పిసినారిగా ఇస్తుంది.

ఒకే వైపు మడుస్తున్నామనుకోండి. ప్రతి మడతతో మందం రెట్టింపు, పొడవు సగం. రెండూ కలిపి మనకు ఎదురు తిరుగుతాయి కాబట్టి ఒక్క మడత ఎక్కువ కావాలంటే పొడవు నాలుగు రెట్లు ఉండాలి, లేదా మందం నాలుగో వంతుకు తగ్గాలి. రెండు మడతలకు పదహారు రెట్లు. అయిదు మడతలకు 1,024 రెట్లు. అంటే కాగితాన్ని వెయ్యి రెట్లు పల్చన చేసినా మీకు అదనంగా దక్కేది అయిదు మడతలే.

బ్రిట్నీ సూత్రం నోట్సులో రాసిపెట్టమనండి. ముందు మడతలు ఎన్నో అన్నిసార్లు 2ని గుణించాలి. ఆరు మడతలైతే 64 వస్తుంది. ఆ 64కి 4 కలిపితే 68, అదే 64లోంచి 1 తీస్తే 63. ఈ రెంటినీ గుణించి, మందాన్ని పై (3.14)తో గుణించి 6తో భాగించగా వచ్చినదాంతో మళ్లీ గుణిస్తే కావలసిన పొడవు వస్తుంది. 0.1 మి.మీ. కాగితానికి ఆరు మడతలకు 224 మి.మీ. కావాలి. ఎ4లో 297 ఉంది, సరిపోయింది. ఏడింటికి 878 కావాలి, లేదు. అందుకే ఒకే వైపు మడిచినా ఆరే.

శాస్త్రం_పిచ్చి
అయితే గ్రాఫీన్ లెక్క వేయండి మాస్టారూ. అది కార్బన్ రేకు, ఒకే ఒక పరమాణువు మందం, 0.335 నానోమీటర్లు. దానికంటే పల్చనిది ఎక్కడ దొరుకుతుంది?

లెక్కల_మాస్టారు
వేశాను. మీటరు పొడవున్న 0.1 మి.మీ. కాగితానికి 7 మడతలు. మీటరు గ్రాఫీన్‌కు 16. మూడు లక్షల రెట్లు పల్చన, ఎక్కువ వచ్చినవి తొమ్మిది. పరమాణువు కంటే పల్చగా ఏ రేకూ ఉండదు కాబట్టి పల్చదనం వైపు నుంచి మనకు దొరికేది ఇంతే.

శాస్త్రం_పిచ్చి
పదహారేనా! నేను వంద అనుకున్నా. 42 మడతలేస్తే చంద్రుణ్ని దాటుతుందని వాట్సాప్‌లో తిరిగే లెక్క ఉంది కదా, అదీ తప్పేనా?

లెక్కల_మాస్టారు
గుణకారం తప్పు కాదు. 0.1 మి.మీ.ని 42 సార్లు రెట్టింపు చేస్తే దాదాపు 4.4 లక్షల కి.మీ. చంద్రుడు సగటున 3.84 లక్షల కి.మీ. దూరంలో ఉన్నాడు. అంత పొడవు కాగితం ఎక్కడి నుంచి తెస్తామన్నది మాత్రం ఆ మెసేజిలో రాయరు.

పాతబస్తీ_చాయ్
పల్చనిది అంటే గ్రాఫీన్ దాకా ఎందుకు అన్నా, మిఠాయి మీద వేసే వరఖ్ చూడుర్రి. చార్మినార్ దిక్కు గల్లీలల్ల వెండిని సుత్తెతో కొట్టి కొట్టి తీసేటోళ్లు. చిన్నప్పుడు మా గల్లీల రోజంతా టక్ టక్ సప్పుడే. నేను ఒకసారి ఒక ఆకు అడిగి తీసుకున్న. మడుద్దామని వేలు పెట్టంగనే వేలుకు అంటుకుపోయింది. ఊదితే లేచిపోయింది. ఒక్క మడత పడింది, మళ్ల ఇప్పుదామంటే రాలే. రెండు పొరలు ఒకటే అయిపోయినయ్.

శాస్త్రం_పిచ్చి
ఆహార భద్రత నిబంధనల్లో వెండి రేకు బరువు చదరపు మీటరుకు 2.8 గ్రాముల లోపు ఉండాలని ఉంది. వెండి సాంద్రతతో భాగిస్తే మందం మహా అయితే 0.27 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పద్మ గారు చెప్పిన బంగారు రేకు 0.28. అంటే మన కాజూకత్లీ మీది వరఖూ ఆ అమ్మాయి వాడిన రేకూ ఇంచుమించు ఒకే మందం!

లెక్కల_మాస్టారు
ఇది నాకు తట్టలేదు, భలే పట్టుకున్నారు. ఇటూ అటూ మడిచే లెక్క ప్రకారం 10 సెం.మీ. వరఖ్‌ను కూడా 12 సార్లు మడవొచ్చు. కాగితం మీద మాత్రం.

పాతబస్తీ_చాయ్
కాగితం మీద పన్నెండు, నా చేతిల ఒకటి.

మెకానికల్_మధు
మీ చేతిలో తప్పేం లేదు. శుభ్రమైన వెండి వెండిని తాకితే వేడి లేకుండానే అతుక్కుంటుంది. పొడవు సరిపోయినా చేతికి లొంగకపోతే లెక్క ఏం చేస్తుంది? పల్చదనం పెరిగేకొద్దీ సమస్య మారిపోతుంది. మందమైనదానికి ఒంపు సమస్య, పల్చనిదానికి అంటుకోవడం, చిరగడం, గాలికి లేచిపోవడం. ఆ అమ్మాయి కుంచె పట్టింది ఇందుకే.

గోదారిగట్టు_లక్ష్మి
ఇంతసేపూ చదువుతూ ఎవరైనా పూతరేకుల ఊసు ఎత్తుతారేమోనని చూశాను. ఎవరూ ఎత్తలేదు! మాది ఆత్రేయపురం పక్కనే. మా పెద్దమ్మ నలభై ఏళ్లుగా రేకు తీస్తోంది.

కుండ బోర్లించి, లోపల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తుంది. క్షణంలో రేకు తయారు. వెలుతురుకు పెడితే అవతలి చెయ్యి కనపడుతుంది. ఇంత పల్చటిది కదా, ఎన్ని మడతలైనా పడాలి. పడదు. అలాగే పొడిగా మడిస్తే మొదటి మడతకే ఫట్‌మని విరుగుతుంది. అందుకే చుట్టే ముందు తడిగుడ్డతో అలా తాకిస్తారు, లేదా నెయ్యి రాస్తారు. తడి తగలగానే రేకు పట్టుగుడ్డలా వాలిపోతుంది. అప్పుడు పంచదార పొడో, బెల్లమో చల్లి ఇటు అంచు అటు అంచు లోపలికి మడిచి చుడతారు. తడి ఎక్కువైందా, పొరలన్నీ కలిసి ముద్ద. తక్కువైందా, ముక్కలు. పెద్దమ్మ చెయ్యి ఆ మధ్య గీత మీద నడుస్తుంది. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు ముద్దే వస్తుంది.

బెజవాడ_బుల్లెట్
ఈ పోస్టు చదివి రాత్రి పదకొండుకు పూతరేకులు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతున్నా.

మెకానికల్_మధు
లక్ష్మి గారూ, మీ పెద్దమ్మ గారు చేసేది ఇంజినీరింగే. పొడి పిండిరేకు గాజు లాంటిది. మడత దగ్గర బయటివైపు సాగాలి, సాగే గుణం లేక పగులుతుంది. తడి తగిలితే పిండిలోని అణువుల గొలుసులు వదులై రేకు సాగుతుంది. అంటే మూడు హద్దులున్నాయన్నమాట: పొడవు చాలకపోవడం, అంటుకుపోవడం, పగిలిపోవడం. స్కూలు ప్రశ్న మొదటిదాని గురించే, అదీ సగమే.

తణుకు_బేకరీ
మా బేకరీలో పఫ్‌లకు పిండిని మూడుగా మడిచి, ఒత్తి, మళ్లీ మూడుగా మడిచి, మళ్లీ ఒత్తి... ఇలా ఆరు సార్లు చేస్తే 729 పొరలు. ఏడు మడతల హద్దు మాకెప్పుడూ అడ్డు రాలేదు.

సుజాత_నెల్లూరు
మడత కాజా కూడా అంతేగా.

లెక్కల_మాస్టారు
మీరు ప్రతి మడత తరువాత కర్రతో ఒత్తి మందాన్ని మళ్లీ మొదటికి తెస్తున్నారు. కాగితానికి ఆ వీలు లేదు. అందుకని ఇది వేరే ఆట.

తణుకు_బేకరీ
వేరే ఆటే, కాదనను. కానీ మాకూ హద్దు ఉంది. ఇంకా రెండు మడతలు వేస్తే ఎక్కువ పొరలొస్తాయనుకుని కొత్తల్లో నేనే చేశా. వెన్న పొర పిండిలో కలిసిపోయి పఫ్ పొంగలేదు, బిస్కట్‌లా వచ్చింది. ఆ రోజు ట్రే మొత్తం పోయింది. మా హద్దు పొరలు పొరలుగా మిగలడమే.

సిరిసిల్ల_మగ్గం
అగ్గిపెట్టెల పట్టే చీర మా దగ్గర నేస్తరు, అందరికీ తెల్సిందే. అది ఎన్ని మడతలు మరి? అది ఏడు దాటదా?

లెక్కల_మాస్టారు
చీరను సగానికి సగం మడవక్కర్లేదు, కుచ్చిళ్లలా ముందుకీ వెనక్కీ మడుస్తూ పోవచ్చు. అలా చేస్తే ప్రతి ఒంపూ ఒక్క పొర మందం చుట్టూనే తిరుగుతుంది, 64 పొరల చుట్టూ కాదు. ఎన్ని కుచ్చిళ్లయినా పెట్టొచ్చు. అగ్గిపెట్టె లోపల ఎంత జాగా ఉందన్నదే హద్దు. అంత సన్నగా నేసిన చేతులకే ఆ గొప్ప దక్కాలి.

ఫ్రీమాంట్_పద్మ
జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు కూడా ఇదే చేశారు. దాని ఎండతెర టెన్నిస్ కోర్టంత, అయిదు పొరలు. ఎండవైపు పొర 0.05 మి.మీ., మిగతా నాలుగూ 0.025. కుచ్చిళ్లలా మడిచి రాకెట్‌లో పెట్టి 2021 డిసెంబర్ 25న పంపారు, 2022 జనవరి మొదటి వారంలో విప్పి బిగించారు. ఆ వారం మా ఇంట్లో అందరికీ టెన్షనే. మధు గారు అన్న, మడతల్లో గాలి చిక్కే సమస్య అక్కడా వచ్చింది. మడతల్లో చిక్కిన గాలి పైకెళ్లాక ఒక్కసారిగా ఉబ్బి తెరను చింపకుండా రాకెట్ ముక్కు కవచంలోని గాలి రంధ్రాలను ప్రత్యేకంగా మార్చారు.

మెకానికల్_మధు
మడతల్లో చిక్కే గాలి సంగతి ఎత్తింది నేను కాదు, మాస్టారు. అయినా ఈ రంధ్రాల సంగతి నాకు కొత్త.

అనకాపల్లి_రవి
వంటింటి ఫాయిల్‌తో ఇప్పుడే చేశా. రోలు మీద 9 మీటర్లు, 11 మైక్రాన్లు అని ఉంది. మాస్టారి లెక్కకి 10 మడతలు రావాలి. వరండాలో పరిచా. నాలుగు దాకా నేనూ మా ఆవిడా చెరో చివరా పట్టుకుని నడిచాం. అయిదు నుంచి ముడతలు మొదలు. ఒక్కసారి ముడత పడ్డ ఫాయిల్ మళ్లీ చదును కాదు, గాలి లోపలే ఉండిపోతుంది. అప్పడాల కర్రతో ఒత్తుకుంటూ వెళ్తే ఎనిమిది పడ్డాయి. తొమ్మిదోదానికి మడత దగ్గర చిరిగింది.

ఎనిమిది మాత్రం ఖాయం. ఏడు దాటింది.

బెజవాడ_బుల్లెట్
ఫాయిల్ కాగితం కాదు. అయినా సరే, ఒప్పుకుంటున్నా. ఏడు అనేది సూత్రం కాదు, చేతికందే కాగితాలకు ఎక్కువగా తగిలే అంకె. పిల్లాడి మార్కు వాడికి ఇవ్వాల్సిందే. టీచర్‌ని మాత్రం తిట్టకండి, నాలాగే చిన్నప్పుడు విన్నదే చెప్పి ఉంటారు.

కూకట్‌పల్లి_నాన్న
తిట్టే ఉద్దేశం లేదండీ. నిన్న ఆదివారం ఇద్దరం అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగాం. 20 మీటర్ల టాయిలెట్ రోలు. వాచ్‌మన్ గారు కార్ల మధ్య ఊడ్చి దారి ఇచ్చారు. మొదటి ప్రయత్నంలో రెండో మడతకే గాలి వచ్చి ఎగరేసింది. ఫ్యాన్లు ఆపించి, అంచుల మీద చెప్పులు బరువు పెట్టి మళ్లీ మొదలెట్టాం. ఎనిమిది మడతలు పడ్డాయి! ముక్క 8 సెం.మీ. కూడా లేదు, అంగుళం పైన ఎత్తు. మడత వైపు చూస్తే పొరలన్నీ ఉల్లిపాయ కోసినట్టు ఒకదాని చుట్టూ ఒకటి. తొమ్మిదోది వంగినట్టే వంగి చెయ్యి తీయగానే లేచి కూర్చుంది.

వాడు దానికి రబ్బరు బ్యాండు వేసి, పక్కన సూత్రం రాసిన కాగితం పెట్టి ఇవాళ స్కూలుకు పట్టుకెళ్లాడు. సాయంత్రం వచ్చి చెప్పాడు, టీచర్ గారు క్లాసులో అందరికీ చూపించి పొరలు ఎన్నో లెక్కపెట్టమన్నారట. 256 అని మా వాడే చెప్పాడట. మార్కు సంగతి వాడు అడగలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు వాడికి పది కావాలట. అంత పొడవు, అంత పల్చనిది బజారులో ఏం దొరుకుతుంది?

తణుకు_బేకరీ
బిల్లింగ్ మెషీన్ రోలు. మా కౌంటర్‌లో వాడేది 50 మీటర్లది, టాయిలెట్ పేపర్ కంటే నున్నగా, చదునుగా ఉంటుంది. స్టేషనరీ షాపులో అడగండి.

లెక్కల_మాస్టారు
ఆ కాగితం సుమారు 0.06 మి.మీ. ఉంటుంది. పది మడతలకు 33 మీటర్లు చాలు, 17 మీటర్లు గాలికీ వంకరలకూ మిగులుతాయి. కానీ ముందు సెల్లార్ పొడవు కొలుచుకోండి.

కూకట్‌పల్లి_నాన్న
ఇప్పుడే అడుగులేసి వచ్చాం. ర్యాంపు కలుపుకుంటే 52 మీటర్లు.